గ్రెనడా: ఒక రన్‌వే, రెండు అక్టోబరు తేదీలు

2025 అక్టోబరులో గ్రెనడా ప్రభుత్వం ఒక చిన్న ప్రకటన విడుదల చేసింది. మారిస్ బిషప్ అంతర్జాతీయ విమానాశ్రయంలో తాత్కాలికంగా రాడార్ పరికరాలను, వాటిని నడిపే సాంకేతిక సిబ్బందిని ఉంచడానికి అనుమతి ఇవ్వవలసిందిగా అమెరికా కోరిందనీ, ఆ అభ్యర్థనను పరిశీలిస్తున్నామనీ ఆ ప్రకటన సారాంశం. గ్రెనడా వెనెజువెలా తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ రోజుల్లో అమెరికా యుద్ధనౌకలు కరీబియన్ సముద్రంలో మోహరిస్తున్నాయి. కనుక ఆ అభ్యర్థన వెనుక కారణం ఏమిటో ఎవరైనా ఊహించగలరు. నా దృష్టి మాత్రం ఆ విమానాశ్రయం మీదే నిలిచిపోయింది. 1983లో ఇదే రన్‌వే ఫొటోను టెలివిజన్‌లో చూపించి, వైమానిక దళమే లేని దేశానికి ఇంత పొడవైన రన్‌వే ఎవరి కోసమని అమెరికా అధ్యక్షుడు రేగన్ ప్రశ్నించాడు. నలభై రెండేళ్ల తరువాత దాని మీద తన రాడార్‌ను పెట్టుకోనిమ్మని అమెరికాయే అడిగింది.

ఈ వార్త వచ్చిన రోజుల్లో మిత్రుల మధ్య జరిగిన వాదన నేను విన్నాను. ఒకరు 1983 నాటి దాడిని గుర్తుచేసి సామ్రాజ్యవాదం మారలేదన్నారు. మరొకరు ఆ దాడి వల్లనే గ్రెనడా క్యూబా కాకుండా బతికిపోయిందన్నారు. ఇద్దరి కథా అక్టోబరు 25నే, అంటే అమెరికా సైన్యం దిగిన రోజునే మొదలైంది. దానికి ఆరు రోజుల ముందు, అక్టోబరు 19న, గ్రెనడా ప్రధాన మంత్రి మారిస్ బిషప్‌ను ఆయన సొంత పార్టీ, సొంత సైన్యం కలిసి గోడకు నిలబెట్టి కాల్చి చంపిన సంగతి ఎవరి కథలోనూ లేదు. గ్రెనడాను అర్థం చేసుకోవాలంటే ముందు దాని నేలను చూడాలి, ఆ తరువాత 19వ తేదీని చూడాలి, ఆఖరున మాత్రమే 25వ తేదీకి రావాలి అన్నది నా అభిప్రాయం. ఈ వరుస తప్పితే దాడిని ఖండించేవారి వాదన బలహీనపడుతుంది, సమర్థించేవారి వాదనకు లేని బలం వస్తుంది.

చదును నేల దొరకని దీవి

కారియకూ, పెటిట్ మార్టినీక్ దీవులను కలుపుకున్నా గ్రెనడా వైశాల్యం 344 చదరపు కిలోమీటర్లే. చిన్న దేశమన్న సంగతి అందరూ చెబుతారు. అది నిటారు దేశమన్న సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు. అగ్నిపర్వతాల నుంచి పుట్టిన ఈ ప్రధాన దీవి పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 18 కిలోమీటర్లు. ఆ కొద్దిపాటి వెడల్పులోనే నేల సముద్ర మట్టం నుంచి 840 మీటర్ల మౌంట్ సెయింట్ క్యాథరిన్ శిఖరం దాకా లేస్తుంది. మధ్యలో పాత అగ్నిపర్వత బిలంలో నీరు నిండిన గ్రాండ్ ఎటాంగ్ సరస్సు, చుట్టూ వర్షారణ్యం, కొండవాలుల మీద కోకో, జాజికాయ తోటలు. రాజధాని సెయింట్ జార్జెస్ కూడా గుర్రపు నాడా ఆకారంలోని రేవు చుట్టూ కొండల మీదికి ఎగబాకిన పట్టణమే. పట్టణంలోని ఒక భాగం నుంచి మరో భాగానికి వెళ్లడానికి బ్రిటిష్ వాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో కొండను తొలిచి సొరంగం వేయవలసి వచ్చింది.

ఇటువంటి దీవిలో విమానాశ్రయం ఎక్కడ కడతారు? 1940లలో ఈశాన్య తీరాన పెర్ల్స్ అనే చోట కట్టారు. ఒకవైపు సముద్రం, మరొకవైపు కొండలు; పొడిగించడానికి వీలులేని చిన్న రన్‌వే; రాత్రిపూట విమానాలు దిగడానికి వీలు లేదు. యూరప్ నుంచో అమెరికా నుంచో వచ్చే యాత్రికుడు ముందు బార్బడోస్‌లోనో ట్రినిడాడ్‌లోనో దిగి, ఒక రాత్రి ఆగవలసి వస్తే ఆగి, చిన్న విమానం ఎక్కి పెర్ల్స్ చేరి, అక్కడి నుంచి మలుపుల ఘాట్ రోడ్డులో దీవిని అడ్డంగా దాటితే గాని నైరుతి మూలన ఉన్న గ్రాండ్ ఆన్స్ బీచ్‌కు చేరలేడు. హోటళ్లన్నీ ఉన్నది ఆ మూలనే. జాజికాయ ధర అంతర్జాతీయ మార్కెట్లో పడిపోతే దేశం మొత్తం పడిపోయే ఆర్థిక వ్యవస్థకు పర్యాటకం ఒక్కటే రెండో ఆధారం కావడంతో, నైరుతిన పాయింట్ సలీన్స్ అనే పొడి ద్వీపకల్పం మీద పెద్ద విమానాశ్రయం కట్టాలన్న ఆలోచన బ్రిటిష్ పాలన నాటి నుంచే ఉంది. అక్కడైనా నేల సిద్ధంగా లేదు. కొండలను చదును చేసి, సముద్రపు పాయను పూడ్చి రన్‌వే వేయవలసి వచ్చింది.

1979లో బిషప్ నాయకత్వాన అధికారంలోకి వచ్చిన విప్లవ ప్రభుత్వం ఆ పాత ఆలోచనను తీసుకుని, క్యూబా ఇచ్చిన కార్మికులతో, యంత్రాలతో పని మొదలుపెట్టింది. డ్రెడ్జింగ్ పని చేసింది అమెరికాలోని మయామీకి చెందిన కంపెనీ. విమానాశ్రయ పరికరాల కాంట్రాక్టు బ్రిటన్‌కు చెందిన ప్లెసీ కంపెనీది. రన్‌వే పొడవు సుమారు 2,740 మీటర్లు. పొరుగున ఉన్న బార్బడోస్ రన్‌వే అంతకంటే పొడవైనది, దాదాపు 3,350 మీటర్లు. దాని గురించి ఎవరూ భయపడలేదు. పెద్ద జెట్ విమానాలు దిగాలంటే కావలసిన పొడవు అదే కాబట్టి, "ఎవరి కోసం?" అన్న ప్రశ్నకు గ్రాండ్ ఆన్స్ హోటళ్ల కోసమన్న జవాబు పటం చూసినవారికెవరికైనా తట్టేదే.

అయితే ఇక్కడితో ఆపేస్తే అది నిజాయితీ అనిపించుకోదు. దాడి తరువాత అమెరికా సైన్యం స్వాధీనం చేసుకున్న పత్రాలలో సోవియట్ యూనియన్, క్యూబా, ఉత్తర కొరియాలతో కుదుర్చుకున్న రహస్య సైనిక ఒప్పందాలు బయటపడ్డాయి. పాలక పార్టీ కేంద్ర కమిటీ సభ్యుడొకరి నోటు పుస్తకంలో, 1980 నాటి పేజీలో, ఈ విమానాశ్రయాన్ని క్యూబా, సోవియట్ సైన్యాలు వాడుకుంటాయని ఒక వాక్యం ఉంది. దాన్ని దాచిపెట్టి గ్రెనడా గురించి వ్యాసం రాయడం నాకు ఇష్టం లేదు. ఆ వాక్యాన్ని చదివిన తరువాత కూడా నేను చెప్పగలిగింది ఏమిటంటే, జెట్ విమానం దిగగలిగిన ప్రతి రన్‌వే మీదా సైనిక విమానం కూడా దిగుతుంది. బార్బడోస్ రన్‌వే మీద 1983 అక్టోబరులో దిగినవి అమెరికా సైనిక విమానాలే. ఏ స్నేహితుడిని దిగనివ్వాలి అన్నది ఆ దేశపు విదేశాంగ విధానం; దాన్ని విమర్శించవచ్చు. రన్‌వే అవసరాన్ని మాత్రం ఆ దీవి భౌగోళిక స్వరూపమే నిర్ణయించింది.

గేరీ నేర్పిన పాఠం

1651లో ఫ్రెంచి వారికి లొంగడం ఇష్టంలేక కలినాగో ఆదివాసులు దూకి చనిపోయిన ఉత్తర తీరపు కొండచరియ గురించి, 1763లో దీవి బ్రిటిష్ వారి చేతికి వెళ్లడం, 1779లో తిరిగి ఫ్రెంచి వారికి, 1783లో మళ్లీ బ్రిటిష్ వారికి రావడం గురించి గ్రెనడా మీద రాసే ప్రతివారూ రాస్తారు. నేను ఒక్క జూలియన్ ఫెడాన్ దగ్గరే ఆగుతాను. ఆఫ్రికన్, ఫ్రెంచి రక్తం కలిసిన ఈ స్వతంత్ర తోట యజమాని 1795లో బానిసలను కూడగట్టి తిరుగుబాటు చేసి, సెయింట్ జార్జెస్ పట్టణం తప్ప దాదాపు దీవి మొత్తాన్ని ఏడాదికి పైగా తన చేతిలో ఉంచుకున్నాడు. లెఫ్టినెంట్ గవర్నర్‌తో సహా నలభై ఎనిమిది మంది బందీలను తన కొండ శిబిరంలో చంపించాడు. 1796లో తిరుగుబాటు అణగిపోయింది గాని ఫెడాన్ మాత్రం ఎప్పటికీ దొరకలేదు. ఈ మనిషిని వీరుడిగానే చూడాలా, ఆ బందీల హత్యను కూడా కలిపి చూడాలా అన్న ప్రశ్న గ్రెనడాకు అప్పటి నుంచే ఉంది.

అసలు మన కథకు కావలసినవాడు ఎరిక్ గేరీ. అరూబా చమురు శుద్ధి కర్మాగారంలో పనిచేసి తిరిగి వచ్చిన ఈ యువకుడు 1950లో తోట కూలీల యూనియన్ పెట్టాడు. 1951 ఆరంభంలో ఆయన నడిపిన సార్వత్రిక సమ్మెలో ఎస్టేట్ల భవనాలు తగలబడి ఆకాశం ఎర్రబడినందుకు ఆ రోజులను "స్కై రెడ్" అని నేటికీ పిలుస్తారు. అదే ఏడాది సార్వత్రిక వయోజన ఓటు హక్కు మీద జరిగిన మొదటి ఎన్నికల్లో ఎనిమిది స్థానాల్లో ఆరు గేరీ పార్టీ గెలిచింది. కూలీకి యజమాని ముందు తలెత్తి నిలబడే ధైర్యం మొదట ఇచ్చినవాడు ఆయనే. ఈ మాట ఒప్పుకోకుండా తరువాతి గేరీని తిట్టడం తేలిక.

తరువాతి గేరీ కూడా నిజమే. దుబారా ఆరోపణల మీద 1962లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన ప్రభుత్వాన్ని తొలగించింది. 1967లో ఓట్లతో తిరిగి వచ్చాడు. "మంగూస్ గ్యాంగ్" అని జనం పిలిచే ప్రైవేటు దండును పెంచాడు. 1973 నవంబరులో, గేరీని ఎదిరించిన వామపక్ష పార్టీ న్యూ జువెల్ ఉద్యమ నాయకులను గ్రెన్‌విల్ పట్టణంలో పోలీసులు చావబాదారు. వారిలో లండన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చిన మారిస్ బిషప్ ఒకడు. 1974 జనవరి 21న బిషప్ తండ్రి రూపర్ట్ బిషప్‌ను పోలీసులు కాల్చి చంపారు. పదిహేడు రోజుల తరువాత, ఫిబ్రవరి 7న, సమ్మెతో స్తంభించిపోయిన దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1976 ఎన్నికల్లో ప్రతిపక్ష కూటమి పదిహేనులో ఆరు స్థానాలు గెలిచి, బిషప్ ప్రతిపక్ష నాయకుడయ్యాడు. ఆ ఎన్నికల్లో అక్రమాలు జరిగాయన్న ఆరోపణ అప్పుడే బలంగా ఉంది. ఎగిరే పళ్లాల మీద పరిశోధన జరపాలని ఐక్యరాజ్య సమితిలో గేరీ పట్టుబట్టిన ఉదంతం ప్రపంచానికి నవ్వులాట అయింది. సెయింట్ జార్జెస్‌లో నవ్వే పరిస్థితి లేదు. 1979 మార్చి 13న, గేరీ అమెరికాలో ఉన్న సమయంలో, యాభై మందికి లోపు ఉన్న న్యూ జువెల్ ఉద్యమ సాయుధ దళం ట్రూ బ్లూ సైనిక శిబిరాన్ని పట్టుకుంది. దాదాపు రక్తపాతం లేకుండా ప్రభుత్వం మారిపోయింది, బిషప్ ప్రధాన మంత్రి అయ్యాడు. ఇంగ్లీషు మాట్లాడే కరీబియన్ దేశాల్లో ప్రభుత్వాన్ని ఆయుధాలతో కూలదోయడం అదే మొదటిసారి.

గేరీ పాలన నుంచి ఆ యువకులు ఒక పాఠం నేర్చుకున్నారు: ఎన్నికలను పాలకుడు తన చేతిలో పెట్టుకోగలడు. ఆ పాఠం అబద్ధం కాదు. కాని దాన్నుంచి వాళ్లు తీసిన ముగింపు, అంటే ఎన్నికలు లేకపోయినా ఫర్వాలేదన్నది, వారినే మింగింది.

"బిషప్‌ను చంపింది ఎవరు బాబాయ్?"

మా బాబాయి 1983లో విజయవాడలో డిగ్రీ చదువుతూ విద్యార్థి సంఘంలో పనిచేసేవాడు. రాడార్ వార్త గురించి చెప్పగానే ఉత్సాహంగా లేచి కూర్చుని, "గ్రెనడా అంటే మాకు గుర్తులేకపోవడమేమిట్రా! కాలేజీ గేటు దగ్గర మీటింగు పెట్టాం, రేగన్ దిష్టిబొమ్మ తగలబెట్టాం" అన్నాడు. "మరి బిషప్‌ను చంపింది ఎవరు బాబాయ్?" అని అడిగాను. క్షణం కూడా ఆలోచించకుండా "అమెరికా వాళ్లే" అన్నాడు. నేను జరిగినది చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

చెప్పినవారు లేకపోలేదు. అక్టోబరు 20న, అంటే హత్య జరిగిన మరునాడే, క్యూబా ప్రభుత్వం దాన్ని బహిరంగంగా ఖండించి, దోషులను శిక్షించాలని కోరి, దేశంలో సంతాప దినాలు ప్రకటించింది. విప్లవం పేరు మీద, సిద్ధాంతం పేరు మీద అటువంటి దురాగతాన్ని సమర్థించలేమని ఆ ప్రకటనలో ఉంది. అమెరికా మాట నమ్మనివారికి కాస్ట్రో మాట అందుబాటులోనే ఉంది. అయినా ఐదు రోజుల తరువాత దిగిన సైన్యం ఆ ప్రకటనను అందరి జ్ఞాపకం నుంచి తుడిచిపెట్టింది. దాడి చేసిన నష్టాల్లో ఇది కూడా ఒకటని నేను అంటాను: చంపినవారికి అది ఒక ముసుగు అయింది.

ఆ నాలుగున్నరేళ్లలో విప్లవ ప్రభుత్వం చేసిన మంచి పనులు కాగితం మీద మిగిలిన నినాదాలు కావు. జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టం వచ్చింది, వయోజన విద్యా కేంద్రాలు ఊరూరా నడిచాయి, మాధ్యమిక విద్యలో ఫీజులు పోయాయి, విదేశాల్లో ఉచిత చదువులకు పేద పిల్లలు వెళ్లారు, క్యూబా వైద్యులు పల్లెలకు వచ్చారు. ఆ కాలాన్ని "రెవో" అని నేటికీ ముద్దుగా పిలిచే గ్రెనడా వృద్ధులు పిచ్చివారు కారు. మరోవైపు, అధికారం చేపట్టిన రోజు రేడియోలో బిషప్ స్వయంగా హామీ ఇచ్చిన ఎన్నికలు జరగలేదు. ప్రతిపక్షం వైపు రాసే టార్చ్‌లైట్ పత్రికను కొద్ది నెలల్లోనే మూసివేశారు. విచారణ లేకుండా రిచ్‌మండ్ హిల్ జైలులో ఏళ్ల తరబడి మగ్గినవారు ఉన్నారు.

దీనికి ఒక జవాబు ఉంది, అది తేలికగా కొట్టిపారేయదగినది కాదు. 1980 జూన్‌లో బిషప్ ప్రసంగించే సభా వేదిక కింద బాంబు పేలి ముగ్గురు యువతులు చనిపోయారు. 1981లో అమెరికా నౌకాదళం ప్వెర్టొ రీకో దగ్గర ఒక దీవిని ఆక్రమించే విన్యాసాలు చేసి, అందులోని ఊహాజనిత శత్రు దేశానికి "ఆంబర్, ఆంబరీన్స్" అని పేరు పెట్టింది. గ్రెనడా, దాని పక్కనున్న గ్రెనడీన్స్ దీవుల పేర్లు తెలిసినవారికి వేరే వివరణ అవసరం లేదు. చుట్టూ ముప్పు ఉన్నప్పుడు ఎన్నికలు పెట్టడం ఆత్మహత్య అని ఆ నాయకులు నమ్మారు. నేను ఈ వాదనను చాలాకాలం గౌరవంతోనే చదివాను. కాని 1979లో, 1980లో ఎన్నికలు పెట్టి ఉంటే బిషప్ అవలీలగా గెలిచేవాడని ఆయన శత్రువులు కూడా ఒప్పుకుంటారు. ఓటుతో వచ్చిన ప్రధాన మంత్రిని ఒక కమిటీ గృహ నిర్బంధంలో పెట్టడం ఎంత కష్టమో, ఎవరూ ఎన్నుకోని ప్రధాన మంత్రిని పెట్టడం అంత తేలిక. 1983 జూన్‌లో కొత్త రాజ్యాంగం రాయడానికి కమిషన్ వేశారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

లక్ష జనాభా ఉన్న దేశంలో పాలక పార్టీకి పూర్తి సభ్యులు వందకు లోపే. నిర్ణయాలు చేసేది ఇరవై మంది లేని కేంద్ర కమిటీ. 1983 సెప్టెంబరులో ఆ కమిటీ, పార్టీ బలహీనపడుతోందని తేల్చి, బిషప్, ఉప ప్రధాని బెర్నార్డ్ కోర్డ్ ఇద్దరూ ఉమ్మడిగా నాయకత్వం వహించాలని తీర్మానించింది. జనంలో తిరగడం బిషప్ పని, పార్టీ నిర్మాణం, వ్యూహం కోర్డ్ పని. బిషప్ ఒప్పుకుని, హంగరీ, చెకొస్లొవేకియా పర్యటన ముగించుకుని క్యూబా మీదుగా తిరిగివచ్చాక, మళ్లీ చర్చించాలన్నాడు. మాట తప్పాడన్నారు. కోర్డ్ తనను చంపించబోతున్నాడన్న పుకారును బిషప్పే పుట్టించాడన్నారు. గృహ నిర్బంధంలో పెట్టారు. ఇదంతా నాలుగు గోడల మధ్య జరిగింది. వీధిలో ఉన్నవారికి తెలిసింది ఒక్కటే, తమ నాయకుడు కనిపించడం లేదని. "బిషప్ లేనిదే విప్లవం లేదు" అంటూ అక్టోబరు 19న వేలాది మంది కొండెక్కి ఆయనను విడిపించారు. వారిలో బడి దుస్తుల్లో ఉన్న పిల్లలు చాలామంది. జనం ఆయనతో కలిసి రేవు పైనున్న కోటకు వెళ్లారు. ఆ కోటకు అప్పటి పేరు ఫోర్ట్ రూపర్ట్. గేరీ పోలీసుల చేతిలో చనిపోయిన ఆయన తండ్రి పేరే. మరో కోట నుంచి సాయుధ శకటాలు వచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. ఆపైన బిషప్‌ను, విద్యామంత్రి జాక్వెలిన్ క్రెఫ్ట్‌ను, విదేశాంగ మంత్రి యూనిసన్ వైట్‌మన్‌ను, మరి కొందరిని కోట లోపలి గోడకు నిలబెట్టి కాల్చారు. వారి శరీరాలు నేటికీ బంధువులకు దక్కలేదు. జనరల్ హడ్సన్ ఆస్టిన్ నాయకత్వాన ఏర్పడిన సైనిక మండలి నాలుగు రోజుల పాటు రాత్రింబగళ్లు కర్ఫ్యూ పెట్టి, బయట కనిపించినవారిని కాల్చివేస్తామని రేడియోలో ప్రకటించింది.

చిన్న దీవి కావడం వల్లనే, అందరూ ఒకరికొకరు తెలిసినవారు కావడం వల్లనే పగలు అంత లోతుగా వెళ్లాయని ఒక వివరణ తరచుగా వినిపిస్తుంది. నాకు ఆ వివరణ తృప్తినివ్వదు. పొరుగున ఉన్న సెయింట్ విన్సెంట్, సెయింట్ లూసియా కూడా అంతే చిన్నవి. అక్కడా కుటుంబ వైరాలు ఉన్నాయి, పార్టీల మధ్య బద్ధ శత్రుత్వం ఉంది. అక్కడ ఓడినవాడు ఇంటికి వెళ్లి, ఐదేళ్ల తరువాత మళ్లీ పోటీ చేస్తాడు. గ్రెనడాలో 1979 తరువాత ఓడిపోవడానికి సురక్షితమైన మార్గం లేకుండా పోయింది.

"అయితే అమెరికా చేసింది మంచిదంటావా?"

బాబాయి అడిగిన తరువాతి ప్రశ్న ఇదే. అడగవలసిన ప్రశ్న కూడా.

మంచిదనను. అక్టోబరు 25న దాదాపు ఆరు వేల అమెరికా సైనికులు, బార్బడోస్, జమైకా, మరికొన్ని తూర్పు కరీబియన్ దేశాల కొద్దిపాటి బలగాలు వచ్చాయి. చెప్పిన కారణాల్లో మొదటిది అక్కడి వైద్య కళాశాలలో చదువుతున్న సుమారు ఆరు వందల మంది అమెరికా విద్యార్థుల రక్షణ. సెయింట్ జార్జెస్ యూనివర్సిటీ అన్న ఆ సంస్థ పేరు అమెరికాలో పిల్లలను వైద్యవిద్యకు పంపాలనుకునే తెలుగు కుటుంబాలకు నేడు బాగా పరిచితమే. అప్పట్లో ఆ విద్యార్థులకు ఎవరూ హాని చేయలేదు. వారిని బయటకు పంపడానికి సైనిక మండలి ఒప్పుకుంటూనే ఉంది. కాని నాలుగు రోజులు కర్ఫ్యూ పెట్టి, కనిపిస్తే కాలుస్తామన్న ప్రభుత్వం ఇచ్చే హామీని తల్లిదండ్రులు నమ్మాలని నేను అనలేను. రెండో కారణం గవర్నర్ జనరల్ పాల్ స్కూన్ ఆహ్వానం. ఆయన మౌఖికంగా కోరానని తరువాత రాసుకున్నా, ఆ లేఖ మీద సంతకం పడింది సైన్యం దిగిన తరువాతే. మూడో కారణం తూర్పు కరీబియన్ దేశాల కూటమి విజ్ఞప్తి. డొమినికా ప్రధాని యూజినియా చార్లెస్ రేగన్ పక్కన నిలబడి దాన్ని వినిపించింది. ఆ కూటమి ఒప్పందంలో సభ్యదేశం మీద దాడికి అధికారం ఎక్కడా లేదు. నవంబరు 2న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 108 ఓట్లకు 9 ఓట్లతో ఈ దాడిని గర్హించింది. అమెరికాకు అత్యంత సన్నిహితురాలైన బ్రిటన్ ప్రధాని థాచర్ సైతం కామన్వెల్త్ దేశం మీద తనకు చెప్పీ చెప్పకుండా దాడి చేయడాన్ని జీర్ణించుకోలేకపోయింది. దాడిలో పొరపాటున బాంబు పడిన మానసిక చికిత్సాలయంలో పదిమందికి పైగా రోగులు చనిపోయారు. పంతొమ్మిది మంది అమెరికన్లు, అంతకంటే ఎక్కువమంది క్యూబన్లు, గ్రెనడా వాసులు మరణించారు. చట్టం ప్రకారం చూస్తే ఇందులో సమర్థించడానికి ఏమీ మిగలదు.

అయినా గ్రెనడా జనంలో అత్యధికులు ఆ సైన్యాన్ని స్వాగతించారు. ఈ వాస్తవం దగ్గర మన వామపక్ష మిత్రులు తడబడతారు; అమెరికా ప్రచారమంటారు, లేదా భయంతో అన్న మాటలంటారు. బిషప్‌ను భుజాల మీద మోసినంత పని చేసిన జనం, ఆయనను చంపినవారిని ఎవరు తరిమినా సంతోషించడంలో ఆశ్చర్యం ఏముంది? వారి స్వాగతం అమెరికా విదేశాంగ విధానానికి వేసిన ఓటు కాదు. దాడి అక్రమమన్నది ఒక తీర్పు, దాడిని బాధితులు స్వాగతించారన్నది ఒక వాస్తవం. మొదటిదాన్ని నిలబెట్టడానికి రెండోదాన్ని తుడిచేయనవసరం లేదు.

ఢిల్లీకి కూడా ఇందులో ఒక పాత్ర ఉంది. దాడి జరిగిన నెలకే, 1983 నవంబరు చివర, ఇందిరాగాంధీ అధ్యక్షతన కామన్వెల్త్ దేశాధినేతల సమావేశం న్యూఢిల్లీలో జరిగింది. సైన్యాన్ని పంపిన కరీబియన్ ప్రధానులు, దాన్ని దురాక్రమణ అన్న ఆఫ్రికా నాయకులు ఒకే సభలో కూర్చున్నారు. ఎవరినీ వేలెత్తి చూపకుండా చివరి ప్రకటన రాశారు, గ్రెనడా పునర్నిర్మాణం గురించి మాట్లాడారు, చిన్న దేశాల భద్రత మీద అధ్యయనం జరిపించాలని నిర్ణయించారు. ఆ నివేదిక 1985లో వచ్చింది. తప్పించుకోవడమని దీన్ని అప్పట్లో కొందరు తిట్టారు. నాకు మాత్రం ఆ సభ ఇచ్చిన ప్రశ్నే సరైనదనిపిస్తుంది: సైన్యం నిలుపుకోలేని దేశాన్ని బయటి సైన్యం నుంచే కాక, తన సొంత చిన్న సైన్యం నుంచి కూడా ఎవరు కాపాడాలి?

తరువాత

దాడి జరిగి ఏడాది తిరగకుండా పాయింట్ సలీన్స్ విమానాశ్రయం పూర్తయింది. ఇది సైనిక స్థావరమని గోల పెట్టిన అమెరికాయే డబ్బు ఇచ్చి, మిగిలిన పని ముగించి, 1984 అక్టోబరులో ప్రారంభింపజేసింది. రన్‌వే పొడవు తగ్గించలేదు. పెర్ల్స్‌లోని పాత రన్‌వే పక్కన రెండు సోవియట్ తయారీ విమానాలు తుప్పుపట్టి దశాబ్దాల పాటు పడి ఉన్నాయి. వాటి చుట్టూ పశువులు మేస్తుంటాయి.

1984 డిసెంబరు ఎన్నికల్లో హెర్బర్ట్ బ్లేజ్ కూటమి పదిహేనులో పద్నాలుగు స్థానాలు గెలిచింది. హత్యల కేసులో పద్నాలుగు మందికి 1986లో మరణశిక్ష పడింది. 1991లో దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆ విచారణ న్యాయంగా జరగలేదన్న విమర్శలో నిజముంది. 2004 సెప్టెంబరులో ఐవన్ తుఫాను దేశంలోని పదిళ్లలో తొమ్మిదింటిని దెబ్బతీసినప్పుడు రిచ్‌మండ్ హిల్ జైలు కూడా కూలి ఖైదీలు చాలామంది బయటపడ్డారు. జాజికాయ చెట్లు నేలకూలాయి. నాటిన మొక్క కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు పట్టే పంట కాబట్టి, జెండా మీద జాజికాయను పెట్టుకున్న దేశం ఆ మార్కెట్లో తన పాత స్థానాన్ని తిరిగి సంపాదించలేకపోయింది. 2024 జులై 1న బెరిల్ తుఫాను కారియకూను నేలమట్టం చేసింది. అప్పుడు గ్రెనడా తన బాండ్లలో ముందే రాయించుకున్న షరతును వాడుకుని అప్పుల చెల్లింపును వాయిదా వేసుకుంది. ఇవన్నీ రాజకీయ చరిత్ర కాదనుకునేవారికి దీవుల రాజకీయం తెలియదు.

2009లో రెండు సంగతులు జరిగాయి. మే 29న, బిషప్ పుట్టిన రోజున, విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. సెప్టెంబరులో బెర్నార్డ్ కోర్డ్ జైలు నుంచి విడుదలయ్యాడు.

బ్రిటిష్ పద్ధతి ఎన్నికలు తిరిగి వచ్చినంత మాత్రాన అంతా చక్కబడిందని నేను అనడం లేదు. కీత్ మిచెల్ పార్టీ 1999లో, 2013లో, 2018లో పదిహేనుకు పదిహేను స్థానాలూ గెలిచింది. సభలో ఎదురు కూర్చోవడానికి ఒక్కరు కూడా లేని ప్రజాస్వామ్యం చూడముచ్చటైనది కాదు. ఓట్లలో మూడో వంతుకు పైగా వచ్చినా ఒక్క సీటూ రాని ప్రతిపక్షం తన మాట ఎక్కడ చెప్పుకోవాలి? కాని 2022లో అదే పద్ధతి ఆ ప్రభుత్వాన్ని తొమ్మిదికి ఆరు తేడాతో దింపింది. డికన్ మిచెల్ ప్రమాణ స్వీకారం చేశాడు, కీత్ మిచెల్ ప్రతిపక్షంలో కూర్చున్నాడు. రాడార్ విషయంలో డికన్ మిచెల్ ప్రభుత్వం వెంటనే అవుననక, కాదనక, సాంకేతికంగా, చట్టపరంగా పరిశీలిస్తామంటే జనం వీధుల్లో, రేడియోలో వాదించుకున్నారు. 1983లో ఆ వాదనకు చోటు లేదు.

అక్టోబరు 25ను గ్రెనడా కృతజ్ఞతా దినంగా పాటిస్తుంది. 2023 నుంచి అక్టోబరు 19 జాతీయ వీరుల దినమైంది. ఆరు రోజుల తేడాతో రెండు సెలవులు. 19ని ఎంచుకున్నాక 25ను రద్దు చేయాలని, దాడికి కృతజ్ఞత చెప్పుకునే దేశం మరొకటి ఉండదని వాదించేవారు అక్కడా ఉన్నారు, ఇక్కడ మా బాబాయి కూడా ఇప్పుడు అదే అంటున్నాడు. నేను ఒప్పుకోను. 25ను కాలెండరులోంచి తీసేస్తే, ఆ రోజు ఊపిరి పీల్చుకున్నామని చెప్పే తరానికి వారి జ్ఞాపకం తప్పని చెప్పినట్టవుతుంది. ఆ తరం ఇంకా బతికే ఉంది, ఓటు వేస్తూనే ఉంది. సెలవు పేరు మార్చాలంటే అది వారు నిర్ణయించుకోవలసిన విషయం. 2016లో ఏడు రాజ్యాంగ సవరణలను ప్రభుత్వం ప్రజాభిప్రాయ సేకరణకు పెడితే ఏడింటినీ తిప్పికొట్టిన ఓటర్లు వారు.